ఆన్‌లైన్ క్యాసినో టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవడం ఎలా: విత్‌డ్రాయల్ నుంచి వెనక్కి

ఒక ఆదివారం మధ్యాహ్నం మా చిన్నాన్న కొడుకు మారతహళ్లి పీజీ నుంచి రామమూర్తినగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. అన్నం వడ్డించినా కంచం వైపు చూడట్లేదు, ఫోన్ వైపే చూస్తున్నాడు. "అక్కా, నువ్వు ఆఫీసులో చదివేది అగ్రిమెంట్లే కదా, ఇదొక్కసారి చూడవా" అన్నాడు. ఒక ఆన్‌లైన్ క్యాసినో ఖాతా అది. బ్యాలెన్స్ 64,200 రూపాయలు. విత్‌డ్రా నొక్కితే ఎర్ర అక్షరాల్లో ఒకే లైన్: బోనస్ షరతులు పూర్తి కాలేదు.

"షరతులు చదివావా?"

"టిక్ పెట్టానక్కా."

ఆ సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని ఆ షరతులన్నీ చదివాం. ప్రింట్ తీస్తే ముప్పై పేజీలు దాటింది. బెంగళూరులో సప్లయర్ అగ్రిమెంట్లు చదివే ఉద్యోగం నాది, పన్నెండేళ్లుగా అదే పని. ఆ అనుభవంతో చెప్తున్నా: ఇలాంటి పేజీని మొదటి లైన్ నుంచి చదువుకుంటూ పోతే ఎవరికైనా నాలుగో పేజీలోనే కళ్లు మూతపడతాయి. డబ్బు బయటికి వచ్చే చోటు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. అదీ డబ్బు వేయకముందు. మేం ఆ రోజు ఏ వరసలో చదివామో, ఏమేం చూశామో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు: మీరు ఏ ఊళ్లో కూర్చుని ఆడుతున్నారు?

ఇది సైట్‌లో దొరకదు, మనమే తెలుసుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అందులో శిక్షలు ఆట నడిపేవాళ్లకు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు, డబ్బు చెల్లింపులు జరిపించేవాళ్లకు. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లను ఆ చట్టం నేరస్థులుగా చూడదు.

చెన్నైలో ఉన్న మనవాళ్లు మాత్రం ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తమిళనాడు తన సొంత చట్టంతో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆ చట్టం కింద ఆడినవాళ్లకు కూడా మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. కర్ణాటక 2021లో తెచ్చిన సవరణలో ముఖ్యమైన భాగాలను 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. అది చూసి బెంగళూరులో పర్వాలేదులే అనుకునేవాళ్లు ఉన్నారు. కేంద్ర చట్టం దేశమంతటికీ అని వాళ్లు మరిచిపోకూడదు.

వీటన్నిటికంటే పాతది, ఆటగాడికి నేరుగా తగిలేది 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో 30వ సెక్షన్. పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచింది ఇప్పించమని కోర్టులో దావా వేయడానికి కుదరదు అంటుంది అది. మా తమ్ముడికి ఈ ముక్క చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. సైట్ ఇవ్వను అంటే ఇక్కడి కోర్టు మెట్లెక్కి అడిగే దారి మూసుకుపోయినట్టే. అందుకే ఆ పేజీలోని ప్రతి షరతునూ "వాళ్లు ఇవ్వకపోతే నేనేం చేయగలను?" అన్న ప్రశ్నతో చదవాలి.

కాపీ దాచుకోండి

చదవడానికి ముందే ఆ పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. బోనస్ షరతులు చాలాసార్లు వేరే పేజీలో ఉంటాయి, దాన్నీ చేయండి. పైన లేదా కింద "చివరిసారి మార్చిన తేదీ" ఉందేమో చూడండి. నోటీసు లేకుండా ఎప్పుడైనా మార్చుకోవచ్చని, మార్చాక కూడా ఆడుతూ ఉంటే ఒప్పుకున్నట్టేనని దాదాపు ప్రతి సైట్ రాసుకుంటుంది. మీ దగ్గర పాత కాపీ లేకపోతే మీరు దేనికి ఒప్పుకున్నారో మీరే చూపించలేరు.

సైట్ తెలుగులో కనిపిస్తోందని సంతోషపడొద్దు. వేరే భాషల అనువాదానికీ ఇంగ్లీషు ప్రతికీ తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుందని ఒక లైన్ ఉంటుంది. మా తమ్ముడి సైట్‌లో బటన్లు, ప్రకటనలు తెలుగులో ఉన్నాయి, షరతులు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి.

ఎదుటి పార్టీ ఎవరు?

పేజీ అడుగుభాగానికి వెళ్లండి. అక్కడ కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, లైసెన్స్ నంబరు, దేశం ఉండాలి. లైసెన్స్ బొమ్మ నొక్కితే రెగ్యులేటర్ (ఆ లైసెన్స్ ఇచ్చిన సంస్థ) సొంత వెబ్‌సైట్‌లో ఆ లైసెన్స్ వివరాలు తెరుచుకోవాలి. బొమ్మ ఉత్త బొమ్మే అయితే రెగ్యులేటర్ సైట్‌కి మీరే వెళ్లి వెతకండి. కంపెనీ పేరొక్కటే సరిపోదు. మీరు వాడుతున్న డొమైన్ పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా ఆ జాబితాలో ఉండాలి. చివర ఒక అంకె చేర్చిన నకిలీ డొమైన్లు చాలా తిరుగుతున్నాయి.

ఇండియా వైపు తిరిగే సైట్లలో ఎక్కువగా కనిపించేది కురసావ్ లైసెన్స్. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం అది. అక్కడ 2024 డిసెంబరు 24న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఒకరి మాస్టర్ లైసెన్స్ కింద ఎందరో సబ్‌లైసెన్స్‌తో నడుపుకునే పాత పద్ధతి దాంతో పోయింది. కాబట్టి అడుగున ఇంకా సబ్‌లైసెన్స్ అనే మాట కనిపిస్తే ఆ సైట్‌ను అక్కడితో మూసేయండి.

తర్వాత "గవర్నింగ్ లా" అనే క్లాజు చూడండి. గొడవ వస్తే ఏ దేశపు చట్టం, ఏ ఊరి కోర్టు అన్నది అక్కడ రాసి ఉంటుంది. హోసూరు రోడ్డు దాటి వెళ్లడానికే పర్మిషన్ పెట్టే మనిషి కురసావ్‌లో కేసు వేయగలడా అని ఆలోచించుకోండి.

విత్‌డ్రాయల్ సెక్షన్: ఇక్కడే నెమ్మదిగా చదవాలి

ఒకసారికి కనీసం ఎంత తీయాలి, రోజుకి, వారానికి, నెలకి గరిష్ఠంగా ఎంత తీయొచ్చు అన్నవి మొదట రాసుకోండి. వారానికి 50,000 పరిమితి అయితే మూడు లక్షలు బయటికి రావడానికి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ మిగతా డబ్బు ఆట ఖాతాలోనే కూర్చుని ఉంటుంది, వేలు బటన్ మీదికి వెళ్తూనే ఉంటుంది.

దానికి తోడు "పెండింగ్ పీరియడ్" ఒకటి. విత్‌డ్రాయల్ అడిగాక 48 గంటలో 72 గంటలో పెండింగ్‌లో పెడతారు. ఆ సమయంలో విత్‌డ్రాయల్‌ను రద్దు చేసుకుని మళ్లీ ఆడొచ్చు అని రాసి ఉంటే, అది మీ సౌకర్యం కోసం పెట్టింది కాదు. రద్దు చేసుకునే వీలు లేకుండా లాక్ చేయమని అడగొచ్చేమో చూడండి.

చాలామంది గమనించని షరతు ఇంకొకటుంది. బోనస్ తీసుకోకపోయినా, వేసిన డబ్బును కనీసం ఒకసారి, కొన్ని చోట్ల మూడుసార్లు, పందెంలో తిప్పాకే వెనక్కి ఇస్తారు. మూడుసార్లు అంటే 10,000 వేస్తే 30,000 విలువైన పందేలు కాశాకే ఆ పదివేలు మీవి. తిప్పకుండా తీస్తే ఫీజు.

డబ్బు వేసిన దారిలోనే తిరిగి ఇస్తామని కూడా రాస్తారు. ఇక్కడ మన దగ్గర చిక్కు ఎలా వస్తుందంటే, డిపాజిట్ నొక్కినప్పుడు వచ్చే యూపీఐ ఐడీలో క్యాసినో పేరు ఉండదు. ఎవరో మనిషి పేరో, చిన్న కొట్టు పేరో ఉంటుంది. లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ లాంటివాటికి విదేశాలకు డబ్బు పంపడాన్ని 2000 నాటి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలే నిషేధించాయి. అందుకే ఈ దొడ్డిదారి ఖాతాలు. పేరు తెలియని మనిషికి డబ్బు పంపమంటే ఇక మిగతా షరతులు చదవాల్సిన పని లేదని నా అభిప్రాయం.

బోనస్: కాగితం మీద లెక్క వేయండి

మా తమ్ముడు వేసింది 10,000. "నూరు శాతం బోనస్" అని సైట్ ఇంకో 10,000 కలిపింది. దాని కింద చిన్న అక్షరాల్లో "35ఎక్స్ వేజరింగ్" అని ఉంది. టర్నోవర్, రోలోవర్ అన్నా ఇదే. 35 రెట్లు పందేలు కాశాకే బోనస్, దానితో గెలిచింది చేతికి వస్తాయని అర్థం.

మొదట చూడాల్సింది, 35 రెట్లు దేనికి? బోనస్‌కి మాత్రమే అయితే 3,50,000. డిపాజిట్, బోనస్ రెండిటికీ కలిపి అయితే 7,00,000. ఒక్క "ప్లస్" గుర్తు దగ్గర మూడున్నర లక్షల తేడా. మావాడిది మొదటి రకమే, అదొక అదృష్టం.

ఇప్పుడు ఆ తిప్పడానికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. స్లాట్ ఆటలో (బటన్ నొక్కితే బొమ్మలు గిర్రున తిరిగి ఆగే ఆట, ఒక్కో నొక్కు ఒక స్పిన్) ఆర్‌టీపీ, అంటే కాసినదాంట్లో సగటున ఆటగాళ్లకు తిరిగొచ్చే వాటా, 96 శాతం అని రాశారనుకోండి. కాసిన ప్రతి వందలో సగటున నాలుగు రూపాయలు క్యాసినో ఉంచుకుంటుంది. 3,50,000 తిప్పితే సగటు నష్టం 14,000. వాళ్లిచ్చిన బోనస్ 10,000. ఈ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి చూపిస్తే మావాడు పెన్ను తీసుకుని తనే మళ్లీ గుణించుకున్నాడు. ఏడు లక్షలైతే నష్టం 28,000. అది సగటు మాత్రమే. ఒకరు గెలుస్తారు, ఒకరు సగం దారిలోనే సున్నాకి వస్తారు.

స్లాట్ కాకుండా రూలెట్ ఆడితే? అక్కడే "గేమ్ కాంట్రిబ్యూషన్" పట్టిక తీయాలి. స్లాట్లకు 100 శాతం, రూలెట్‌కి 10 శాతం, బ్లాక్‌జాక్‌కి 5 శాతం, లైవ్ టేబుళ్లకు సున్నా, ఇలా ఉంటుంది. 10 శాతం అంటే 100 కాస్తే 10 రూపాయలే లెక్కలోకి వస్తాయి. మూడున్నర లక్షలు పూర్తి కావాలంటే 35 లక్షలు కాయాలి. ఒకే సున్నా ఉన్న యూరోపియన్ రూలెట్‌లో 37 గళ్లు, క్యాసినో వాటా 2.7 శాతం. 35 లక్షల మీద దాదాపు 94,500 సగటు నష్టం.

తర్వాత గడువు. ఏడు రోజులు. స్పిన్‌కి 20 రూపాయల చొప్పున ఆడితే 3,50,000 కావడానికి 17,500 స్పిన్లు. నిమిషానికి పది స్పిన్లు అనుకున్నా 29 గంటలు దాటుతుంది. ఉద్యోగం చేసుకునేవాడు రోజుకి నాలుగు గంటలకు పైగా అదే పనిగా నొక్కాలి. సరే, పెద్ద పందేలు కాసి తొందరగా ముగిద్దాం అనుకుంటారు ఎవరైనా. సరిగ్గా ఆ తొందర కోసమే "మ్యాక్స్ బెట్" క్లాజు ఉంది.

మావాడు పడింది అందులోనే. బోనస్ నడుస్తుండగా ఒక పందెం 400 దాటకూడదు. గేమ్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి లైన్ లైన్ చూశాం. మూడో రోజు రాత్రి 1:12కి మొదలుపెట్టి వరసగా పదకొండు స్పిన్లు 500 చొప్పున కాశాడు. ఆట ఎక్కడా ఆపలేదు. హెచ్చరిక రాలేదు. "500 నొక్కితే తీసుకుందక్కా, అంటే పర్మిషన్ ఉన్నట్టే కదా" అన్నాడు. కాదు. ఆట ఒప్పుకుంటుంది, షరతు ఒప్పుకోదు. ఆ పదకొండు స్పిన్ల వల్ల గెలిచిందంతా రద్దు చేసే హక్కు వాళ్లకు వస్తుంది. బోనస్ తీసుకునేవాళ్లు ఈ ఒక్క అంకెను ఫోన్ వెనకాల స్టిక్కర్ మీద రాసి అంటించుకున్నా తప్పులేదు.

"మ్యాక్స్ క్యాష్‌అవుట్" కూడా చూడండి. ఫ్రీ స్పిన్లతో లక్ష గెలిచినా 5,000 మాత్రమే ఇస్తాం అని ఉండొచ్చు. ముందు ఖర్చయ్యేది మీ డబ్బా, బోనస్ డబ్బా అన్నది ఇంకో ప్రశ్న. మీ డబ్బే ముందు ఖర్చయ్యే పద్ధతి అయితే, అందులో గెలిచినప్పుడు బోనస్ వదులుకుని బయటికి రావచ్చు. రెండూ కలిపేస్తే ఆ దారి ఉండదు.

పోల్చుకోవడానికి ఒక మాట. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి బోనస్ వేజరింగ్ 10 రెట్లు దాటకూడదని నియమం పెట్టింది. ఆ లెక్కన 35 ఎంతో మీకే తెలుస్తుంది. అక్కర్లేదనుకుంటే బోనస్ టిక్ తీసేయండి. చాలాచోట్ల దాన్ని ముందే టిక్ చేసి ఉంచుతారు.

పేరు, అడ్రస్, పీజీ వైఫై

కేవైసీ షరతులు పైకి మామూలుగా కనిపిస్తాయి గానీ, బెంగళూరులో ఉండే మనలాంటివాళ్లకు ఇవే ఉచ్చులు. ఆధార్‌లో అడ్రస్ అనంతపురం పక్క పల్లె. ఖాతా తెరిచేటప్పుడు రాసింది మారతహళ్లి పీజీ. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక అక్షరమే ఉంటుంది. డబ్బు వేసేటప్పుడు ఇవేవీ అడగరు, తీసేటప్పుడే అడుగుతారు. అప్పుడు "వివరాలు సరిపోలలేదు" అంటే వారాలు గడుస్తాయి. కేవైసీ ముందే పూర్తి చేసుకోవడానికి వీలుంటుందా అని సపోర్ట్‌ని రాతపూర్వకంగా అడగండి. ఆధార్ ఇవ్వక తప్పకపోతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, యూఐడీఏఐ సైట్‌లో దొరుకుతుంది. నాకైతే ముఖం తెలియని విదేశీ కంపెనీకి ఆధార్, పాన్, సెల్ఫీ మూడూ కలిపి పంపడం అంటేనే గుండె దడ.

"ఒక ఇంటికి, ఒక ఐపీ అడ్రస్‌కి, ఒక డివైస్‌కి ఒకే ఖాతా" అని ఇంకో క్లాజు. నలభై మంది ఒకే వైఫై వాడే పీజీలో ఇంకెవరైనా అదే సైట్‌లో ఖాతా తెరిచి ఉంటే? ఇద్దరిదీ డూప్లికేట్ ఖాతా కింద మూసే హక్కు వాళ్లకుంది. రూమ్‌మేట్ ఫోన్ నుంచి లాగిన్ అయినా, స్నేహితుడి యూపీఐతో డబ్బు వేసినా అదే చిక్కు.

నిషేధిత ప్రాంతాల జాబితా కూడా చదవాలి. ఇండియా మొత్తం అందులో ఉండొచ్చు, లేదా కొన్ని రాష్ట్రాలే ఉండొచ్చు. సంక్రాంతికి ఊరెళ్లి అక్కడ యాప్ తెరిస్తే లొకేషన్ ఆంధ్రప్రదేశ్ అని నమోదవుతుంది. వీపీఎన్ వాడితే అది విడిగా ఇంకో ఉల్లంఘన. నిషేధిత ప్రాంతం నుంచి డిపాజిట్ తీసుకుంటారు, గెలిచాక ఆ క్లాజు బయటికి తీస్తారు. అలా తీయడానికి కాగితం మీద వాళ్లకు వీలుంది.

"మా విచక్షణ మేరకు" ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి

పీడీఎఫ్‌లో "సోల్ డిస్క్రిషన్" అనే మాట వెతకండి. మేం చూసినదాంట్లో ఇరవై ఆరు చోట్ల ఉంది. నా ఆఫీసులో ఒక అగ్రిమెంట్‌లో మూడుసార్లు కనిపిస్తేనే వెనక్కి పంపిస్తాం. "ఇర్రెగ్యులర్ ప్లే", "బోనస్ అబ్యూజ్" అనే మాటల పక్కన నిర్వచనం ఉందా చూడండి. ఇన్ని రూపాయలు దాటితే, ఈ ఆట ఆడితే అని స్పష్టంగా చెప్తే దాన్ని పాటించొచ్చు. "మాకు అనుమానం కలిగిన ఏ విధమైన ఆట అయినా" అని ఉంటే దాన్ని పాటించే పద్ధతే లేదు.

మిగతావి తొందరగా చూసేయొచ్చు. సాఫ్ట్‌వేర్ తప్పు జరిగితే గెలుపు చెల్లదన్నది అన్ని చోట్లా ఉంటుంది. కొన్ని నెలలు లాగిన్ కాకపోతే నెలనెలా ఫీజు కోస్తారు, ఎన్ని నెలలో నోట్ చేసుకోండి. ఖాతాను మీ అంతట మీరే మూసుకునే సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ ఎక్కడుందో మాత్రం వెతికి పెట్టుకోండి. మూసుకున్నాక బ్యాలెన్స్ ఇస్తారా లేదా అన్నది కూడా.

పన్ను

ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం ఆదాయపన్ను, 2023 ఏప్రిల్ నుంచి. సెస్ అదనం. జీతం తక్కువైనా శ్లాబు మినహాయింపు దీనికి వర్తించదు. విదేశీ సైట్ టీడీఎస్ కోయకపోతే మీరే రిటర్న్‌లో చూపించి కట్టాలి. "పన్నుల బాధ్యత ఆటగాడిదే" అన్న లైన్‌కి అర్థం ఇదే. ఆట చట్టవిరుద్ధం అయినా ఆదాయానికి పన్ను తప్పదు.

ఇప్పటికే డబ్బు ఇరుక్కుంటే

ముందు ఆట ఆపండి. బ్యాలెన్స్, గేమ్ హిస్టరీ, చాట్, డిపాజిట్ రసీదులు అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. చాట్‌లో వాదించకుండా ఈమెయిల్ రాయండి: ఏ క్లాజు నంబరు కింద ఆపారు, ఏ తేదీ ఏ పందెం కారణం అని. జవాబు రాకపోతే లైసెన్స్ ఇచ్చిన రెగ్యులేటర్‌కి ఫిర్యాదు.

"30 శాతం ట్యాక్స్ ముందు కట్టండి, వెంటనే రిలీజ్ చేస్తాం" అని మెసేజ్ వస్తే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. టీడీఎస్ గెలిచినదాంట్లోంచి కోస్తారు తప్ప బయట నుంచి తెప్పించుకోరు. అది మోసం. వెంటనే 1930కి ఫోన్ చేయండి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. పోయింది రాబట్టుకోవాలన్న తపనతో నిద్ర పట్టకపోతే, అప్పులు మొదలైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ ఉంది, ఫోన్, ఆటల వ్యసనాల కోసమే 2014లో మొదలైంది.

మా తమ్ముడికి పందొమ్మిది రోజుల తర్వాత ఈమెయిల్ వచ్చింది. మ్యాక్స్ బెట్ క్లాజు కింద గెలుపు రద్దు, డిపాజిట్‌లో ఫీజు పోను 9,750 వాపసు. ఆ డబ్బు ఎవరిదో తెలియని మనిషి ఖాతా నుంచి వచ్చింది. ఆరు వారాలకు వాడి జీతం ఖాతా మీద బ్యాంకు లియన్ పెట్టింది, అంటే డబ్బు తీయకుండా ఆపింది. డబ్బు పంపిన ఆ మనిషి ఖాతా ఇంకెక్కడో సైబర్ మోసం కేసులో ఉందట. మీకూ ఇలా జరిగితే బ్రాంచికి వెళ్లి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్ అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఆ స్టేషన్ దర్యాప్తు అధికారికి స్టేట్‌మెంట్, సైట్ ఈమెయిల్, ఐడీ ప్రూఫ్ జతచేసి పంపండి, ఆ వివాదం ఉన్న మొత్తానికే లియన్ పరిమితం చేయమని అడగండి. మావాడి విషయంలో 9,750 అలాగే ఆగిపోయింది, మిగతా జీతం తీసుకోనిచ్చారు.